ఆదివారం సాయంత్రం ఏ పుస్తకం తీస్తారో

మా ఊరి లైబ్రరీలో పిల్లల పుస్తకాలకి ఉన్నది ఒకే ఒక్క బీరువా. ఇనపది, తలుపులకి అద్దాలు. ఒక అద్దం ఎప్పుడో పగిలితే అక్కడ అట్ట అతికించారు. డిటెక్టివ్ నవలలకి మూడు బీరువాలు, భక్తి పుస్తకాలకి రెండు, మాకు మాత్రం ఒకటి. ఆ ఒక్కదాంట్లోంచే ప్రతి ఆదివారం సాయంత్రం మా లైబ్రరీ సార్ మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టేవారు. ఇవాళ ఏ మూడు తీస్తారా అని కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తా ఉండేవాళ్లం. వాటినే ఎందుకు తీశారన్నది అప్పట్లో ఎవరికీ పట్టలేదు. కథ చెప్తే చాలు మాకు.

మా ఊరు కందుకూరుకీ సింగరాయకొండకీ మధ్యలో ఉంటుంది. నేను చెప్పేది 1980ల చివర, 90ల మొదట్లో సంగతి. అప్పుడు ఆ రెండూ ప్రకాశం జిల్లానే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాకి పోయింది, సింగరాయకొండ ప్రకాశంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు మావాళ్లు బట్టలు కొనడానికి ఒక జిల్లాకి, రైలెక్కడానికి ఇంకో జిల్లాకి పోవాల్సి వచ్చింది.

లైబ్రరీ అంటే పెద్ద భవనం అనుకోకండి. అద్దెకి తీసుకున్న రెండు గదులు, ముందు వరండా. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచేవారు. శుక్రవారం సెలవు. ఊళ్లో ఆదివారం తీసి ఉండే సర్కారు ఆఫీసు అదొక్కటే కాబట్టి పిలకాయలం అందరం అక్కడే తేలేవాళ్లం. గోడ మీద గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి ఐదు సూత్రాలు ఎర్ర రంగుతో రాయించి ఉండేవి. ఆయన 1931లో పుస్తకంగా తెచ్చిన సూత్రాలవి. ప్రతి పాఠకుడికీ ఓ పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు ఉంటాడు, అలా. ఆఖరిది, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అని. మా బీరువా వైపు చూసి, "ఈ ప్రాణికి మేత సరిగ్గా పడట్లేదబ్బాయ్" అనేవారు సార్.

మేత ఎక్కణ్నించి వస్తుందో కూడా ఆయనే చెప్పారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడతారు. ఇప్పుడైతే అది రూపాయికి 8 పైసలు. ఆ డబ్బుతో జిల్లాలో పుస్తకాలు కొని శాఖలకి పంచుతారు. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ నుంచి కూడా కొన్ని వస్తాయి. అంటే ఏ పుస్తకాలు కొనాలన్నది మా సార్ చేతిలో లేదు. వచ్చిన వాటిలో ఏది పిల్లల ముందు తెరవాలన్నదే ఆయన చేతిలో ఉన్నది. దాని మీద ఆ మనిషి పెట్టిన శ్రద్ధ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

కొత్త పుస్తకాల కట్ట వచ్చిందంటే పురికొస విప్పే పని మాది. రిజిస్టర్లో ఎక్కించి, నంబరు వేసి, ముద్రలు కొట్టాలి. ముందు పేజీలో ఒకటి, చివర ఒకటి, మధ్యలో బయటికి చెప్పని ఒక పేజీలో ఇంకొకటి. ఎవరైనా పుస్తకం ఎత్తుకుపోయి ముందు పేజీ చించేసినా ఆ లోపలి ముద్ర పట్టిస్తుందన్నమాట. ఆ పేజీ నంబరు నాకు తెలుసు. ఇప్పటికీ చెప్పను.

ముద్రలయ్యాక ఆయన అసలు పని మొదలయ్యేది. పుస్తకాన్ని తెరిచి, హాలు చివర కుర్చీలో నిలబెట్టి, గుమ్మం దాకా నడిచిపోయి అక్కణ్నించి తిరిగి చూసేవారు. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి. బొమ్మలో ఉన్నది నక్కో కుక్కో గుమ్మం దగ్గర్నించి తెలియాలి. తెలియకపోతే ఆ పుస్తకం ఎంత గొప్పదైనా ఆదివారానికి పనికిరాదు. "ఇది ఇంటికిచ్చే పుస్తకం" అని పక్కన పెట్టేసేవారు. వెనక కూచున్నవాడికి బొమ్మ కనపడకపోతే వాడు ముందువాణ్ణి గిచ్చుతాడు, ఆ గిచ్చుడుతో కథ అయిపోయినట్టే అని ఆయన లెక్క.

అందుకే చందమామని ఆదివారం కథకి తీసేవారు కాదు. 1947 జులైలో మొదలైన పత్రిక, మా ఇళ్లలో తాతలకీ మనవలకీ దాని కోసమే తగాదాలు. నెల మొదట్లో అది వచ్చిన రోజు లైబ్రరీలో కొట్లాటే. అయినా సరే. బొమ్మలు బ్రహ్మాండంగా ఉంటాయి గానీ, ఒళ్లో పెట్టుకుని చూసుకోవాల్సినవి, ఇంతమందికి ఎత్తి చూపించేవి కావు. పైగా పేజీ నిండా అక్షరాలు. ఐదో క్లాసు దాటినవాళ్లని వరండాలో కూచోబెట్టి ఒకళ్ల తర్వాత ఒకళ్ల చేత దాన్ని చదివించేవారు. ఆయన దృష్టిలో అది వేరే పని.

ఎక్కువగా గుమ్మం పరీక్ష నెగ్గినవి రెండు రకాలు. ఢిల్లీ నుంచి నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ఒకటి. సన్నగా ఉంటాయి, చాలావాటిలో పేజీకి నాలుగు మాటలు, మిగతాదంతా బొమ్మ. రెండోది మాస్కోలో రాదుగ వాళ్లు తెలుగులో అచ్చేసి పంపినవి, విశాలాంధ్ర వాళ్లు అమ్మేవి. పెద్ద సైజు, నున్నటి కాగితం, కళ్లు చెదిరే రంగులు. మంచు అనేది జన్మలో చూడని మేం ఆ ఎలుగుబంట్లనీ ఉన్ని టోపీలనీ చూసి, నడి వేసవిలో వణికినట్టు నటించేవాళ్లం. అందులో పిల్లల పేర్లు నోరు తిరిగేవి కావు. వాటిని రాముడు, సీత అని మార్చి చదవచ్చుగా అని ఎవరో పెద్దాయన సలహా ఇచ్చారు. సార్ ఒప్పుకోలేదు. "ఆ పేరు పలకడానికే వస్తున్నారయ్యా వీళ్లు." నిజమే, ఇంటికిపోతూ దారి పొడుగునా ఆ పేర్లు అరుచుకుంటా పోయేవాళ్లం.

బొమ్మ బాగుంటే సగం పనే అయినట్టు. మిగతా సగం పొద్దున పేపర్ల వేళలో జరిగేది. ఆ టైములో వచ్చేది పెద్దవాళ్లు. పొగాకు రైతులు, రిటైరైన అయ్యవార్లు, పోస్టాఫీసు పని మీద వచ్చి అట్నించటే వచ్చేవాళ్లు. సార్ తన బల్ల దగ్గర కూచుని ఆదివారం పుస్తకాన్ని పైకి చదువుకునేవారు, మరీ గట్టిగా కాదు, పక్కవాళ్లకి వినపడేటట్టు. నోటితో చదివి చూడని పుస్తకాన్ని పిల్లల ముందు తెరవడం ఆయన పద్ధతిలో లేదు. కంటికి బాగున్న వాక్యం నోట్లోకి వచ్చేసరికి రాయిలా తగులుతుందని అనేవారు. "పయనించుచుండెను" లాంటి భాష వస్తే అక్కడికక్కడ మాట మార్చి చదువుకునేవారు. ఒకే పేజీలో మూడు చోట్ల మార్చాల్సి వస్తే పుస్తకం మూసేసేవారు.

సెలవు రోజుల్లో నేనూ అక్కడే ఒక మూల కూచునేదాన్ని కాబట్టి ఇది కళ్లారా చూశాను. సార్ చదువుతుంటే పేపర్ల వెనక తలకాయలు కదలవు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి గొంతు సవరించుకునేవారు. అప్పుడు ఏదో ఒక పేపరు మెల్లిగా కిందికి దిగి, దాని వెనక నుంచి, "ఊఁ, ఆ తర్వాతేందయ్యా?" అని వినపడిందంటే ఆ పుస్తకం పాసు. ఎవరూ అడక్కపోతే ఇంకో వారం ఇంకో పుస్తకం. మాకు కథలు ఏరిపెట్టింది తామేనని ఆ పెద్దవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఇక వచ్చే పిలకాయల సంగతి. అందరం ఒక ఈడు వాళ్లం కాదు. ఆదివారం అమ్మానాన్నలు పనికి పోతే చిన్నవాళ్లని చూసుకునే డ్యూటీ ఆడపిల్లలది. అందుకని సగం మంది ఆడపిల్లలం చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని వచ్చేవాళ్లం. నా చంకలో మా తమ్ముడు, ముక్కు కారుతూ. పాఠకుల ఈడుని బట్టి పుస్తకం ఎంచుకోవాలని ఎవరైనా చెప్తారు. ఏడాదిన్నర పిల్లాడూ పదేళ్ల పిల్లా ఒకే చాప మీద కూచుంటే ఎవరి ఈడుని చూడాలి?

మామూలుగా లైబ్రేరియన్లు పాటించే పద్ధతి, పొడుగు కథ ముందు చెప్పి పొట్టివి తర్వాత చెప్పడం. పిల్లలు మొదట్లోనే కుదురుగా వింటారు కాబట్టి. మా సార్ దాన్ని తిరగేశారు. మొదటి పుస్తకం చంకలో పిల్లలది. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చేది, అందరం కలిసి అరిచేది. ఆవు అనగానే అంబా, కాకి అనగానే కావు. పుస్తకం కుదరకపోతే ఏడు చేపల కథ ఉండనే ఉంది, చేపా చేపా అని మొదలెడితే మాటలు రానివాడు కూడా గొంతు కలుపుతాడు. తర్వాత అందర్నీ లేపి ఒప్పులకుప్ప తిప్పించేవారు. రెండో పుస్తకం బడి పిల్లలది, కాస్త జంతువులూ కాస్త అల్లరీ. అది అయ్యేటప్పటికి చంకలో పిల్లలు అరిచి అరిచి భుజాల మీద నిద్రపోయేవాళ్లు. అప్పుడు తీసేవారు మూడోది. అది మాకు. పిల్లల్ని మోసుకొచ్చిన అక్కలకి. అందులో ఓ చిక్కు ఉంటుంది, ఓ ప్రయాణం ఉంటుంది, నాలాంటి పిల్ల ఎక్కడికో పోతుంది. గొంతు తగ్గించి చదివేవారు, చిన్నవాళ్లు లేవకుండా. తమ్ముడి బరువుకి చెయ్యి తిమ్మిరెక్కినా కదిలేదాన్ని కాదు.

ఇంట్లో మాకంటూ విడిగా ఏదీ ఉండేది కాదు. గాజులు చెల్లెలికి సరిపోయేదాకా, పలక తమ్ముడికి అందేదాకా. ఆ మూడో పుస్తకం మాత్రం మా కోసమే తీసినది. ఒక ఆదివారం వాన పడి కరెంటు పోతే, రెండో పుస్తకం వదిలేసి నేరుగా మూడోది తీశారు. మగపిల్లలు గోల చేశారు. "మీరు రేపైనా వస్తార్రా, వీళ్లని మళ్లీ వారం దాకా ఎవరు రానిస్తారు?" అన్నారు.

నాలుగో పుస్తకం ఒకటి రిజిస్టరు కింద దాచి ఉంచేవారు. తీసిన వాటిలో ఒకటి పారకపోతే పనికొస్తుందని. ఇది నాకు చాలా నచ్చిన గుణం. మధ్యలో మేం కదలడం, గుసగుసలు మొదలవగానే, "ఇది మీకు నచ్చలా. పర్లేదు, ఇంకోటి చూద్దాం" అని మూసేసేవారు. మా మీద కోపం లేదు, పుస్తకం మీదా లేదు. మొదలెట్టిన పుస్తకాన్ని పూర్తి చేసి తీరాలని పట్టుబట్టే పెద్దవాళ్లని నేను చాలామందిని చూశాను, పిల్లలకి కథలంటే విసుగు పుట్టేది అక్కడే అని నా అనుమానం.

కాలాన్ని బట్టి కూడా మార్చేవారు. జనవరి దాటిందంటే మా వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గదులు, మండుతుంటాయి. ఆకు కర్రలకి కట్టడం దగ్గర్నించి పిల్లలకి కూడా చేతినిండా పని. బ్యారన్ ఎక్కించాక రాత్రీ పగలూ మంట చూసుకోవాలి, ఇంటిల్లిపాదీ అక్కడే పడుకోవడం. ఆ నెలల్లో ఆదివారం వచ్చేవాళ్ల కళ్లు ఎర్రగా, బట్టలు పొగాకు కంపు. అప్పుడు పొడుగు కథల ఊసే లేదు. పొట్టివి, చప్పుడు ఎక్కువ ఉన్నవి, నవ్వించేవి. నిద్రపోయినవాణ్ణి లేపకుండా వాడి పక్కనున్న వాణ్ణే మెల్లిగా మాట్లాడమనేవారు.

కొన్ని పుస్తకాలు ఆయన ఎప్పుడూ పైకి చదవలేదు. సవతి తల్లి కథలు అందులో ఒకటి. మాలో ఒకడికి సవతి తల్లి ఉండేది, వాణ్ణి బాగానే చూసుకునేది పాపం. కథలో సవతి తల్లి అనగానే అందరి తలకాయలూ వాడి వైపు తిరుగుతాయి. నల్లగా ఉన్నది రాక్షసి, తెల్లగా ఉన్నది రాకుమారి అని బొమ్మలేసిన పుస్తకాలూ అంతే. చాప మీద కూచున్నవాళ్లం దాదాపు అందరం నల్లవాళ్లమే మరి. అయితే వాటిని దాచిపెట్టలేదు. బీరువాకి పగలు తాళం ఉండేది కాదు, కావాలన్నవాళ్లు తీసుకుని చదువుకోవచ్చు. ఒక్కడే చదువుకునేటప్పుడు వాడి మొహం ఎవరూ చూడరు, పదిమందిలో వినేటప్పుడు చూస్తారు. ఆయన చూసింది ఆ తేడానే.

1990 మే తుఫాను సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ నెల 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది గానీ, గాలీ వానా మా దాకా వచ్చాయి. చెట్లు పడ్డాయి, కప్పులు లేచిపోయాయి, మా తమ్ముడు తర్వాత చాలా రోజులు గాలి చప్పుడైతే మంచం కింద దూరేవాడు. బీరువాలో తుఫానులో చిక్కుకున్న పడవ పుస్తకం ఒకటి ఉండేది, అంతకుముందు మాకు చాలా ఇష్టం. సార్ దాన్ని వెనక వరసలోకి తోసేశారు. వానలు మొదలైన కొత్తలో ఓ పిల్ల లేచి, "సార్, పడవ పుస్తకం యాడ పెట్టావ్?" అని అడిగేసింది. ఆయన కాసేపు ఆలోచించి తీశారు. చదువుతుంటే మేం ఊరుకోలేదు. గాలి అట్టా ఊదదు సార్, ఈల వేస్తది. కొబ్బరి చెట్టు అట్టా వంగదు, ఇట్టా వంగుద్ది. ప్రతి బొమ్మకీ ఒకడు లేచి నిలబడి చేసి చూపించాడు. ఆ ఒక్క పుస్తకంతోనే ఆ సాయంత్రం అయిపోయింది, మిగతా రెండూ బల్ల మీదే ఉండిపోయాయి.

కథ చివర "నీతి" అని గీత గీసి రాసి ఉంటుంది చూడండి, అది ఆయన చదివేవారు కాదు. వేలు అడ్డం పెట్టి పుస్తకం మూసేసేవారు. మా అయ్యవారు ఒకరు వచ్చి, పిల్లలకి నీతి చెప్పకపోతే ఇక కథ ఎందుకండీ అని నిలదీశారు. "చెప్తే మీ దగ్గరికి బడికొచ్చినట్టు ఉంటదండీ, ఇక్కడికి రారు" అన్నారు సార్ నవ్వుతూ. అయ్యవారికి అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేలక అక్కడే నిలబడిపోయారు.

బల్ల సొరుగులో ఒక నోటు పుస్తకం ఉండేది. లైబ్రరీ లెక్కలది కాదు, ఆయన సొంతం. నేను కాస్త పెద్దయ్యాక దాన్ని రాసే పని నాకిచ్చారు. పుస్తకం పేరు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదిలారు. "ఏనుగు బొమ్మలది. 9 నిమిషాలు. చివరి పేజీ తిప్పకముందే చెప్పేశారు." "కోతి. 14 నిమిషాలు. మధ్యలో ముగ్గురు నీళ్లకి లేచారు, మళ్లీ తీయవద్దు." "గొడుగు. మళ్లీ అడిగారు." మళ్లీ అడిగారు అన్న మాట పక్కన ఎర్ర టిక్కు. అడిగినది వారం తర్వాత మళ్లీ చదివేవారు, విసుక్కోకుండా. కొత్తది ఒకటి, తెలిసింది ఒకటి ఉండాలి అనేవారు. తెలిసిన కథలో పిల్లలు ఆయన కంటే ముందు పరిగెత్తుతారు, ఆ దర్జా వాళ్లకి కావాలి.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. ఆయనది వేటపాలెం వైపు. అక్కడ 1918లో పెట్టిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది కదా, గాంధీగారు 1929లో వచ్చి శంకుస్థాపన చేసిన చోటు, విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. ఈయన చిన్నప్పుడు మగ్గం పని అయ్యాక అక్కడికి పోయి కూచునేవారట. పిల్లలకి ఎవరూ కథలు చెప్పేవారు కాదట గానీ, పెద్దవాళ్లు పేపరు గట్టిగా చదివి పదిమందికి వినిపించేవారట. ఎవరు చదివితే జనం ఉంటారు, ఎవరు చదివితే లేచిపోతారు అన్నది చూస్తూ పెరిగానన్నారు.

నేను ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాను. వేసవి శిబిరాలప్పుడు, నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలప్పుడు కథలు చెప్పమని పిలుస్తుంటారు. ఇప్పుడు పుస్తకాలకి లోటు లేదు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసినవి, ప్రథమ్ వాళ్లవి, రంగురంగులవి. 2015 నుంచి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో అయితే తెలుగు కథలు ఊరికే దొరుకుతున్నాయి. ఫోన్లో చూపించమంటారు కొందరు. గుమ్మం దగ్గర్నించి ఎవరికి కనపడుద్ది అది? ప్రింటు తీయించి తీసుకుపోతాను. ముందు రోజు రాత్రి పైకి చదువుతాను. మావారు పేపరు దించితే పాసు.

సార్‌ని ఆఖరిసారి చూసింది కొన్నేళ్ల క్రితం, ఆయన రిటైరై వాళ్లబ్బాయి దగ్గర ఉంటున్నప్పుడు. చూపు తగ్గింది, గొంతు మాత్రం అదే. ఒక విషయం నన్ను చిన్నప్పట్నుంచీ తొలుస్తుండేది. బీరువాలో రెండో అరలో, అద్దానికి ఆనించి, లావుపాటి నీలం అట్ట పుస్తకం ఒకటి ఉండేది. అట్ట మీద తిమింగలం. గుమ్మం దగ్గర్నించి కాదు, వీధిలోంచి కూడా కనపడేది. అన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆయన దాన్ని తీయలేదు, ఇంటికి కూడా ఇవ్వలేదు. అది ఎందుకై ఉంటుందా అని నేను కథలు చెప్పడం మొదలెట్టాక చాలా ఆలోచించాను. మా ఈడుకి మించిందనుకున్నారా, భయపెట్టేదా, లేక ఇంకేదైనా ఉందా?

అడిగేశాను.

"నీలం అట్టదా? లోపల ఏమీ లేదమ్మా. ఎనిమిదో పేజీ దాకా అచ్చు పడింది, ఆ తర్వాతంతా తెల్ల కాయితాలే. ప్రెస్సులో పొరపాటు. చూసుకోకుండా రిజిస్టర్లో ఎక్కించేశా. ఎక్కించాక కొట్టెయ్యాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

"మరి అద్దంలో అంత బాగా కనపడేటట్టు ఎందుకు పెట్టారు సార్?"

"ఆడిట్ వాళ్లు వస్తే చూపించొద్దూ?"